దొరికిన ముక్కకే పేరు: శిలాజ మొక్కలను గుర్తించి పేరు పెట్టడం ఎలా?

మీ చేతిలో అరచేయంత షేల్ (పొరలుగా చీలే మట్టి రాయి) పలక ఉంది. బూడిద రంగు రాయి మీద నల్లగా ఒక ఆకు ముక్క. కొస లేదు, తొడిమ లేదు, ఒక పక్క అంచు విరిగిపోయింది. మిగిలింది ఆరు సెంటీమీటర్లు. దీనికి పేరు పెట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగూడెం, రామగుండం, మణుగూరు వైపు బొగ్గు గనుల్లో దొరికే నమూనాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. ఆ బొగ్గు పెర్మియన్ కాలానిది, అంటే సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి అడవులది. ఆ అడవుల్లో గ్లోసోప్టెరిస్ చెట్లదే రాజ్యం. అందుకే ఇక్కడ ఉదాహరణగా దాన్నే తీసుకుంటున్నాను. అవసరమైన చోట రాజమహల్ కొండలకూ, ఇంగ్లండుకూ, అమెరికాకూ వెళ్లి వద్దాం.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. మీరు పేరు పెడుతున్నది చెట్టుకు కాదు, చేతికి దొరికిన ముక్కకు. చెట్టు బతికుండగానే ఆకులు రాలుస్తుంది. గింజలు ఒక చోట పడతాయి, పుప్పొడి గాలికి ఎటో పోతుంది, మాను వరదకు కొట్టుకుపోయి ఎక్కడో ఇసుకలో కూరుకుపోతుంది. వేరు మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఇవన్నీ వేరువేరు రాళ్లలో, వేరువేరు మనుషులకు దొరికాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు వచ్చింది. గ్లోసోప్టెరిస్ అనేది ఆకు పేరు. అదే చెట్టు వేరు పేరు వెర్టిబ్రేరియా. ఆ చెట్ల పుప్పొడి రేణువుల్లో ఒక రకం ప్రోటోహాప్లోక్సిపైనస్. గింజలు మోసే భాగాలకు స్క్యూటమ్, ఒట్టోకేరియా, డిక్టియోప్టెరిడియం లాంటి పేర్లున్నాయి. ఇన్ని పేర్లు చూసి టెన్షన్ పడకండి. ఇది అంతర్జాతీయ నామకరణ నియమావళి ఒప్పుకున్న పద్ధతే. వేరువేరు భాగాలకు, ఎదుగుదలలోని వేరువేరు దశలకు, రాయిలో నిలిచిన వేరువేరు తీరులకు విడివిడి పేర్లు వాడుకోవచ్చని అది స్పష్టంగా చెబుతుంది.

రాయిని కదిలించక ముందు

గనిలోకి అనుమతితో, భద్రతా సిబ్బంది వెంట ఉండగా మాత్రమే వెళ్లండి. నమూనా తీయక ముందే అది ఏ బొగ్గు పొరకు పైన ఉందో, కింద ఉందో, ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. ఏ పొరదో తెలియని ఆకు ఎంత అందంగా ఉన్నా దానితో చేయగలిగింది తక్కువ.

షేల్ చీలినప్పుడు రెండు పలకలు వస్తాయి. ఒకదాని మీద ఆకు పొర ఉంటుంది, రెండోదాని మీద దాని అచ్చు. బాగున్నదొకటే సంచిలో వేసుకుని రెండోది పారేసేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రెండింటికీ ఒకే నంబరు ఇచ్చి ఎ, బి అని రాయండి. ఒక పలక మీద కనిపించని నడిమి ఈనె రెండోదాని మీద స్పష్టంగా ఉండొచ్చు. ఒక్కో పలకనూ పాత న్యూస్‌పేపరులో విడివిడిగా చుట్టండి. నీళ్లతో కడగొద్దు, కొన్ని షేల్ రాళ్లు తడిస్తే పొరలు పొరలుగా ఊడిపోతాయి. మెరుపు కోసం వార్నిష్ పూయొద్దు. పూస్తే సన్నని ఈనెలు కనబడవు, ఆ తర్వాత పొరను రసాయనాలతో పరీక్షించడమూ కష్టమవుతుంది.

అందమైన ఆకులే కాకుండా అదే పొరలోంచి మామూలు ముక్కలు కూడా వీలైనన్ని తీసుకోండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రాయిలో ఎలా నిలిచింది?

పేరు గురించి ఆలోచించే ముందు ఇది తేల్చుకోవాలి. ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో, దేనికి దొరకదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆకు మీద పలచని నల్ల పొర మిగిలి ఉంటే అది నొక్కుడు శిలాజం. ఆ పొరలో ఆకు పైచర్మాన్ని కప్పే మైనపు పూత, అంటే క్యూటికల్, చెడకుండా ఉండే అవకాశం ఉంది. నైట్రిక్ ఆమ్లం, పొటాషియం క్లోరేట్ కలిపిన ద్రావణంలో చిన్న ముక్క వేసి, తర్వాత క్షారంతో శుభ్రం చేస్తే మైక్రోస్కోపు కింద పత్రరంధ్రాలు కనిపిస్తాయి. ఇది ల్యాబులో, అనుభవం ఉన్నవారి దగ్గర చేయాల్సిన పని, ఇంట్లో చేసేది కాదు. పొర అంతా పోయి గుర్తు మాత్రమే మిగిలితే అది వట్టి అచ్చు. ఆకారం, ఈనెలు తెలుస్తాయి, కణాలు తెలియవు. ఇక సిలికా గానీ సున్నం గానీ కణాల్లోకి ఇంకి గట్టిపడితే అది శిలారూపం. అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఇదే. కోసి, సానబట్టి చూస్తే కలప కణాలు లెక్కపెట్టొచ్చు.

ఒకే ఆకు రెండు తీరుల్లో దొరికితే రెండు పేర్లు రావచ్చు. జార్ఖండ్‌లోని రాజమహల్ కొండల్లో పట్టీలా పొడవుగా ఉండే ఒక ఆకు అచ్చుగా దొరికితే టీనియోప్టెరిస్ అంటారు. అలాంటి ఆకే నిపానియా దగ్గర లోపలి నిర్మాణంతో సహా రాయిగా మారి దొరికింది. దానికి నిపానియోఫిల్లమ్ అని పేరు.

ఇది మొక్కలో ఏ భాగం?

తేలిగ్గా అనిపిస్తుంది గానీ పెద్దవాళ్లు కూడా పొరబడిన చోటు ఇదే. వెర్టిబ్రేరియాను చూడండి. రాయి మీద అది వెన్నుపూసల వరుసలా కనిపిస్తుంది. మధ్యలో నిలువు గీత, రెండు పక్కలా పలకల్లాంటి గళ్లు. పేరు కూడా అందుకే వచ్చింది. దాన్ని కాండం అనుకున్నవాళ్లు చాలామంది. శిలారూపంలో ఉన్న నమూనాలను అడ్డంగా కోసి చూశాక అసలు సంగతి తెలిసింది. మధ్య నుంచి బయటికి చీలికల్లా వెళ్లే కలప, ఆ చీలికల మధ్య ఖాళీలు ఉన్నాయి. రాయి బరువుకు నలిగినప్పుడు ఆ ఖాళీలే గళ్లలా కనిపిస్తాయి. అది గ్లోసోప్టెరిస్ చెట్టు వేరు.

కాబట్టి నోట్‌బుక్కులో మొదట "ఆకులాంటిది", "కాండంలాంటిది" అని రాసుకోండి. ఆకు అని తేల్చడానికి ఈనెలు, వేరు అని తేల్చడానికి అది మట్టి పొరను నిలువుగా చీల్చుకుని పోవడం, గింజ అని తేల్చడానికి పొట్టు... ఇలా ఆధారం దొరికాకే "లాంటిది" కొట్టేయండి.

పేరు పక్కన పెట్టి వర్ణన రాయండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. టేబుల్ లైటును ఎడమ పక్క నుంచి బాగా కిందికి వంచండి. వెలుగు రాయి మీద ఏటవాలుగా పాకితే గట్లు, పల్లాలు నీడలతో లేచి కనిపిస్తాయి. పది రెట్ల హ్యాండ్ లెన్స్ కంటికి ఆనించుకుని, రాయినే కంటి దగ్గరికి తెచ్చుకోండి. మెల్లగా తిప్పండి.

మన ముక్క మీద మొదట కనిపించేది నిలువుగా పోయే పట్టీ. లెన్స్‌లో చూస్తే అది ఒకే ఈనె కాదు, పక్కపక్కనే పోయే ఈనెల కట్ట. దాని నుంచి పక్క ఈనెలు పుట్టి, మొదట పైకి లేచి, తర్వాత విల్లులా వంగి అంచు వైపు పోతున్నాయి. ఇప్పుడు ఒక్క ఈనెను పట్టుకుని దాని వెంటే వెళ్లండి. కాస్త దూరం పోయాక అది పక్కదానితో కలుస్తుంది, మళ్లీ విడిపోతుంది, ఇంకోదానితో కలుస్తుంది. అలా వల అల్లుకుంటుంది. ఆ వల కళ్లు నడిమి ఈనె దగ్గర వెడల్పుగా, అంచుకు పోయేకొద్దీ సన్నగా ఉన్నాయా? సమంగా ఉన్నాయా? గీయండి. ఫోటో ఎంత బాగున్నా బొమ్మ గీయండి. గీసేటప్పుడు చేయి ఆగిన చోటే మీరు సరిగా చూడనిది ఉంటుంది.

తర్వాత కొలతలు. మిగిలిన పొడవు, వెడల్పు, నడిమి ఈనె మందం, పక్క ఈనెలు చేసే కోణం, సెంటీమీటరుకు ఎన్ని ఈనెలు (నడిమి ఈనె దగ్గర ఒకసారి, అంచు దగ్గర ఒకసారి), వల కంటి పొడవు, వెడల్పు. లేనిదాన్ని లేదని రాయండి. "కొస నిలవలేదు", "తొడిమ నిలవలేదు". కొస మొనదేలి ఉండి ఉంటుందని ఊహించి చుక్కల గీతతో పూర్తి చేయకండి. తర్వాత చదివేవాళ్లు ఆ చుక్కల గీతను నిజమనుకుంటారు.

ప్రజాతి తేల్చడం

ప్రజాతి అంటే దగ్గరి జాతులన్నీ చేరే గుంపు. ఇప్పుడు పోల్చండి. నడిమి ఈనె ఉండి, పక్క ఈనెలు వల అల్లితే గ్లోసోప్టెరిస్. వల ఉండి నడిమి ఈనె లేకపోతే గంగమోప్టెరిస్. నడిమి ఈనె ఉన్నా పక్క ఈనెలు ఎక్కడా కలవకపోతే రాబ్డోటీనియా. నడిమి ఈనె కింది సగంలోనే ఉండి, వల లేకపోతే పేలియోవిట్టేరియా. నడిమి ఈనె లేదు, వలా లేదు, ఈనెలు సమాంతరంగా పోతున్నాయంటే నోగెరాథియాప్సిస్ వైపు చూడాలి.

ఇంత సూటిగా ఉంటే చిక్కేముంది అంటారా? చాలా గ్లోసోప్టెరిస్ ఆకుల్లో నడిమి ఈనె కొస దగ్గరికి పోయేకొద్దీ పలచబడి చెదిరిపోతుంది. చదువుకునే రోజుల్లో నాకు ఒక ఆకు పైభాగం దొరికింది. వల చక్కగా ఉంది, నడిమి ఈనె లేదు. గంగమోప్టెరిస్ అని రాసేశాను. నెల తర్వాత అదే పెట్టెలో నంబరు వేయకుండా వదిలేసిన ఇంకో పలకను దీని విరిగిన అంచుకు ఆనిస్తే అతుక్కుపోయింది. కింది ముక్కలో నడిమి ఈనె వేలెడంత పొడవున స్పష్టంగా ఉంది. రిపోర్టులో ఆ పేరు మీద కట్టిన పేజీలన్నీ తిరిగి రాయాల్సి వచ్చింది. అప్పటి నుంచి కొస ముక్క ఒక్కటే చేతిలో ఉంటే ఈ రెండు ప్రజాతుల్లో దేన్నీ రాయను. "గ్లోసోప్టెరిస్ వర్గపు ఆకు కొస" అని వదిలేస్తాను.

పోల్చడానికి పాత బొమ్మలు చాలా ఉపయోగపడతాయి. కలకత్తాలో భారత భూవైజ్ఞానిక సర్వేలో పనిచేసిన ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ 1870ల నుంచి గోండ్వానా అనే పాత రాతి పొరల మొక్కలను పలకల వారీగా గీయించి వర్ణించాడు. ఏలూరు దగ్గరి గొల్లపల్లి శిలాజాల మీద ఆయన పని 1877లో, వేమవరం లాంటి కోస్తా చోట్ల మొక్కల మీద పని 1879లో అచ్చయింది. అవి బొగ్గు గనుల ఆకుల కంటే చాలా తర్వాతి కాలానివి. కానీ ఆ బొమ్మలను, వర్ణనలను పక్కపక్కన పెట్టి చదివితే వర్ణన ఎలా రాయాలో తెలుస్తుంది.

జాతి దగ్గర ఆగడం నేర్చుకోండి

మామూలు ముక్కలు కూడా తెమ్మన్నది ఇందుకే. ఒక పని చేసి చూడండి. ఏదైనా ఒక్క మామిడి చెట్టు కింద రాలిన ఆకులు యాభై ఏరండి. పొడవు, వెడల్పు, ఈనెల కోణం కొలిచి వరుసగా పేర్చండి. మొదటి ఆకును, చివరి ఆకును మాత్రమే చూసినవాళ్లు ఇవి రెండు జాతులంటారు. గ్లోసోప్టెరిస్‌లో వందకు పైగా జాతులకు పేర్లున్నాయి. వాటిలో చాలావాటికి ఆధారం ఆకు ఆకారం, వల తీరు మాత్రమే. అన్నీ నిజంగా వేరువేరు చెట్లా అంటే నమ్మడం కష్టం. ఒకే పొరలో దొరికిన ముప్ఫై ఆకులను కొలిచి, మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకదానిలోంచి ఒకటి వస్తుంటే విడదీయకండి.

నమ్మకం ఎంత ఉందో పేరులోనే చెప్పే పద్ధతి ఒకటుంది. ప్రజాతి ఖాయం, జాతి తెలియదు అంటే ప్రజాతి పేరు పక్కన "ఎస్‌పీ." అని రాస్తారు. ఫలానా జాతిలా ఉంది, కానీ ముక్క సరిపోదు అంటే మధ్యలో "సీఎఫ్.". లాటిన్‌లో పోల్చి చూడమని. ఆ జాతికి దగ్గరిదే కానీ అది కాదనిపిస్తే "ఎఎఫ్ఎఫ్.". ఏదీ తేలకపోతే "ఇండెట్.", అంటే నిర్ధారణ కాలేదు. ఈ చిన్న గుర్తులు వాడటానికి కొత్తవాళ్లు సిగ్గుపడుతుంటారు, చేతకాలేదని అనుకుంటారేమోనని. నిజానికి మీ పని మీద నమ్మకం కలిగేది వీటివల్లే. మన ఆరు సెంటీమీటర్ల ముక్కకు "గ్లోసోప్టెరిస్ ఎస్‌పీ." చాలు.

ముక్కలను కలపడం

ఆకు, వేరు, గింజ ఒకే చెట్టువని చెప్పాలంటే ఆధారం కావాలి. ఆధారాలన్నీ ఒకే బరువువి కావు.

అన్నిటికంటే గట్టిది, రెండు భాగాలు అతుక్కుని దొరకడం. ఆర్కియోప్టెరిస్ ఆకులకు 1871లో పేరు పెట్టారు. అవి ఫెర్న్ (గింజలు లేకుండా బీజాంశాలతో పెరిగే మొక్క) ఆకులని చాలాకాలం అనుకున్నారు. క్యాలిక్సిలాన్ కలపకు 1911లో పేరు వచ్చింది. అది చూడటానికి పైన్ లాంటి కోనిఫర్ల కలపలా ఉంటుంది. 1960లో అమెరికన్ శాస్త్రవేత్త చార్ల్స్ బెక్ ఈ రెండూ కలిసి ఉన్న నమూనాను చూపించాడు. కోనిఫర్ లాంటి మాను, ఫెర్న్‌లా బీజాంశాలతో పెరిగే తీరు, రెండూ ఒకే చెట్టువి! దాంతో ప్రోజిమ్నోస్పెర్ములు అనే కొత్త వర్గమే ఏర్పడింది. గ్లోసోప్టెరిస్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 1952లో దక్షిణాఫ్రికాలో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఆ ఆకులకే అంటుకుని ఉన్న ఫలభాగాలను వర్ణించేదాకా అవి ఎలా పునరుత్పత్తి చేసుకునేవో చెప్పడానికి సరైన ఆధారమే లేదు.

అతుక్కుని దొరకకపోయినా, రెండింటిలోనూ మరెక్కడా లేని ఒకే నిర్మాణం ఉంటే అదీ గట్టి ఆధారమే. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. ఇంగ్లండు బొగ్గు పొరల్లో లాజినోస్టోమా అనే అర సెంటీమీటరు గింజ దొరికింది. దాని చుట్టూ ఉన్న గిన్నెలాంటి పొర మీద కాడ, గుండ్రటి తల ఉన్న చిన్న గ్రంథులు ఉన్నాయి, గుండుసూదుల్లా. అదే పొరల్లో లిజినోప్టెరిస్ అనే కాండం మీద, ఫెర్న్ లాంటి దాని ఆకుకాడల మీద కూడా అచ్చం అలాంటి గ్రంథులే. బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఎఫ్.డబ్ల్యూ. ఆలివర్, డి.హెచ్. స్కాట్ 1903లో ఈ రెండింటినీ కలిపి, ఫెర్న్‌లా కనిపిస్తూ గింజలు కాసిన మొక్కలు ఉండేవని చెప్పారు. ఆ గింజ ఆ కాండానికి అతుక్కుని వాళ్లకు దొరకలేదు. గుండుసూది గ్రంథులే సాక్ష్యం.

ఒకే రాతి పొరలో పక్కపక్కన దొరకడం అన్నిటికంటే బలహీనమైనది. వాగు ఒకే మడుగులోకి పది రకాల చెట్ల ఆకులు తెచ్చి పోస్తుంది. కానీ వేరువేరు చోట్ల పదేపదే అవే రెండూ కలిసి కనిపిస్తుంటే అనుమానించవచ్చు, "బహుశా" అని రాయవచ్చు.

మన దేశంలో ఈ పని శిలాజ మొక్కల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని చేసినంత ఓపికగా చేసినవాళ్లు అరుదు. రాజమహల్ కొండల్లో టైలోఫిల్లమ్ అనే ఆకు, బక్లాండియా అనే మాను, విలియమ్సోనియా అనే పూవులాంటి భాగం విడివిడి పేర్లతో ఉండేవి. 1932లో ఆయన వాటిని కలిపి ఒకే మొక్కగా నిలబెట్టాడు. 1948లో పెంటాక్సిలాన్ అనే కాండాన్నీ, నిపానియోఫిల్లమ్ ఆకునూ, కార్నోకోనైటిస్ అనే గింజల గుత్తినీ ఒకే వర్గంలోకి తెచ్చాడు. ఆ కాండాన్ని అడ్డంగా కోస్తే సాధారణంగా ఐదు కలప కడ్డీలు వలయంలా కనిపిస్తాయి. పెంటా అంటే ఐదు, క్సిలాన్ అంటే కలప. ఇలా కలిపాక కూడా భాగాల పేర్లు పోలేదు. రేపు మీకు ఆకు ఒక్కటే దొరికితే ఆకు పేరే రాయాలి.

కుటుంబం రాసే ముందు

పేరును చూసి చుట్టరికం కలపకండి. నేలవేము పేరులో వేము ఉన్నా అది వేప కుటుంబం కాదు. గ్లోసోప్టెరిస్ అంటే గ్రీకులో నాలుక ఫెర్న్. 1828లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రోన్యార్ ఆ పేరు పెట్టాడు. అది ఫెర్న్ కాదని, గింజ మొక్క అని తర్వాత తేలింది, అయినా పేరు మారలేదు. అరకేరియాక్సిలాన్ అన్న కలప పేరు చూసి అది అరకేరియా (ఇప్పటికీ పెరిగే ఒక కోనిఫర్) చెట్టే అనుకోకూడదు. టీనియోప్టెరిస్ ఆకునైతే సైకాడ్ (ఈతచెట్టులా కనిపించే గింజ మొక్క) అనవచ్చు, బెన్నెటిటేలిస్ (సైకాడ్‌లా కనిపించే, అంతరించిన వర్గం) అనవచ్చు, ఫెర్న్ కూడా కావచ్చు. మొదటి రెండింటినీ విడదీసేది పత్రరంధ్రాల నిర్మాణం. క్యూటికల్ లేకపోతే టీనియోప్టెరిస్ అనే ఆపేయాలి. కుటుంబం గడిలో "అనిశ్చితం" అని రాయండి.

సాహ్ని దీనికి ఒక మంచి దారి చూపించాడు. మధ్యప్రదేశ్‌లోని మోహ్‌గావ్ కలాన్‌లో, దక్కన్ లావా పొరల మధ్య చెకుముకి రాయిలో దొరికిన ఒక కాయకు 1943లో ఏ కుటుంబం పేరూ తగిలించకుండా ఎనిగ్మోకార్పన్ అని పేరు పెట్టాడు. చిక్కుముడి కాయ అని అర్థం.

కొత్త పేరు తప్పనిసరైతే

ముక్క పాతవాటిలో దేనికీ సరిపోకపోతే, అదీ ఒకటికంటే ఎక్కువ మంచి నమూనాలు ఉంటేనే, కొత్త జాతి గురించి ఆలోచించండి. శిలాజ మొక్కల పేర్లకు లెక్క 1820 డిసెంబర్ 31 నుంచి మొదలవుతుంది. అప్పటి నుంచి మీరు అనుకున్న పేరు ఎవరైనా వాడారేమో వెతకండి. ప్రాగ్ జాతీయ మ్యూజియం నడిపే శిలాజ మొక్కల పేర్ల రిజిస్ట్రీ ఇందుకు పనికొస్తుంది. వర్ణన లాటిన్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉండాలి. తేడా చూపించే లక్షణాలు కనిపించేలా బొమ్మ ఉండాలి. జాతికి ఆధారంగా ఒక్క నమూనాను ఎంచి, దాని బొమ్మ ఏదో స్పష్టంగా గుర్తించాలి. అది ఏ సంస్థలో భద్రంగా ఉందో చెప్పాలి, నంబరు కూడా ఇవ్వడం మంచిది. లక్నోలోని బీర్బల్ సాహ్ని పురావిజ్ఞాన సంస్థలో అలాంటి నమూనాలు చాలా ఉన్నాయి. మీ కొత్త జాతి ఆధార నమూనాను ఇంటి షోకేసులో పెట్టుకోకండి. నియమావళి తప్పనిసరి అన్నవాటిలో ఏ ఒక్కటి తప్పినా ఎన్నేళ్ల పని అయినా పేరుగా నిలవదు. నియమావళిని 2024లో మాడ్రిడ్‌లో జరిగిన వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో సవరించారు, తాజా పాఠమే చదవండి.

చీటీ

మళ్లీ మన ఆరు సెంటీమీటర్ల ముక్క దగ్గరికి వద్దాం. దాని పెట్టెలో చీటీ ఇలా ఉండాలి: నంబరు, ఎ, బి పలకలు. గ్లోసోప్టెరిస్ ఎస్‌పీ. ఆకు మధ్యభాగం, కొస, తొడిమ, ఒక అంచు నిలవలేదు. నల్ల పొర కొంత ఉంది, క్యూటికల్ పరీక్షించలేదు. గని, బొగ్గు పొర, ఎత్తు, తేదీ. గుర్తించినవారి పేరు. పెన్సిలుతోనో, చెదరని ఇంకుతోనో రాయండి.

రేపు అదే పొరలో కొస దొరికి ఎవరైనా మీ పేరు మారిస్తే కొత్త చీటీ రాసి పాతదాని మీద పెట్టమనండి. పాత చీటీ చింపొద్దు. మీరు ఏమి చూసి ఆ పేరు రాశారో తర్వాతివాళ్లకు తెలిసేది దానివల్లే.